ఫెనిటాయిన్: డోసు లెక్క ఎక్కడ తప్పుతుంది

చాలా మందుల విషయంలో డోసును రెట్టింపు చేస్తే రక్తంలో ఆ మందు పరిమాణం కూడా దాదాపు రెట్టింపు అవుతుంది, సగం చేస్తే సగానికి తగ్గుతుంది. ఏళ్ల తరబడి మందులు వాడేవారు, వారిని చూసుకునే ఇంటివారు తెలిసో తెలియకో ఈ లెక్కనే నమ్ముకొని ఉంటారు. మూర్ఛ వ్యాధికి వాడే ఫెనిటాయిన్ ఆ లెక్కకు లొంగదు. రోజుకు 300 మిల్లీగ్రాములతో ఏ ఇబ్బందీ లేకుండా ఉన్న మనిషి ఇంకొక 100 మిల్లీగ్రాముల క్యాప్సూల్ అదనంగా మొదలుపెడితే, రెండు మూడు వారాలు తిరిగేసరికి నిలబడలేక తూలిపోయే స్థితికి రావచ్చు. ఈ మందుతో వచ్చే చిక్కుల్లో చాలా భాగం దాన్ని వాడుతూ ఉండటం వల్ల కాక, వాడుతున్న తీరులో ఏదో ఒకటి మారడం వల్ల వస్తాయి. ఆ మార్పు డోసులో కావచ్చు, తయారు చేసిన కంపెనీలో కావచ్చు, క్యాప్సూల్ నుంచి సిరప్‌కు మారడం కావచ్చు, పక్కన కొత్తగా చేరిన వేరే మందు కావచ్చు, రోగి శరీరంలోనే వచ్చిన మార్పు కావచ్చు. ఈ మందును జాగ్రత్తగా వాడటమంటే ప్రధానంగా ఈ మార్పులను కనిపెట్టి ఉండటమే.

ఫెనిటాయిన్ కొత్త మందు కాదు. జర్మన్ రసాయన శాస్త్రవేత్త హైన్రిచ్ బిల్ట్జ్ దీన్ని 1908లోనే తయారు చేశారు గానీ, మూర్ఛకు పనికివస్తుందన్న ఊహ అప్పట్లో ఎవరికీ లేదు. అమెరికాలో హ్యూస్టన్ మెరిట్, ట్రేసీ పట్నం అనే ఇద్దరు వైద్యులు పిల్లులకు విద్యుత్ ద్వారా మూర్ఛ తెప్పించి, దాన్ని ఏ రసాయనం ఆపగలదో ఒక్కొక్కటిగా పరీక్షిస్తూ వచ్చి, 1938లో దీని గుణాన్ని వెల్లడించారు. అంతకు ముందు వాడుకలో ఉన్నవి బ్రోమైడ్ లవణాలు, 1912 నుంచి ఫినోబార్బిటాల్. రెండూ మూర్ఛతో పాటు మనిషిని కూడా మత్తులో ఉంచేవి. మత్తు కలిగించకుండానే మూర్ఛను ఆపవచ్చని మొదట రుజువు చేసినది ఫెనిటాయినే. ఆ తరువాత ఎన్నో మందులు వచ్చాయి, వాటిలో కొన్ని ఇంతకంటే సులువుగా వాడుకోగలిగినవి. అయినా ఇప్పటికీ ప్రపంచమంతటా లక్షల మంది దీని మీదే ఆధారపడి ఉన్నారు.

మెదడులోని నాడీకణాలు ఒకదానికొకటి సంకేతాలు పంపుకోవడానికి సోడియం అయాన్లు లోపలికి వెళ్లే సన్నని ద్వారాలు తెరుచుకోవాలి. మూర్ఛ సమయంలో కొన్ని కణాలు విరామం లేకుండా, అతివేగంగా సంకేతాలు పంపుతూ పోతాయి. ఫెనిటాయిన్ ఆ ద్వారాలు ఒకసారి మూసుకున్నాక వెంటనే తెరుచుకోకుండా పట్టి ఉంచుతుంది. మామూలు వేగంతో పనిచేసే కణాలపై దీని ప్రభావం తక్కువ, అదుపు తప్పినవాటిపై ఎక్కువ. మెదడులో ఒకచోట మొదలయ్యే మూర్ఛలకూ, ఒళ్లంతా బిగుసుకొని కొట్టుకునే మూర్ఛలకూ ఇది పనిచేయడానికి కారణం ఇదే. అయితే కొన్ని క్షణాలు శూన్యంలోకి చూస్తూ ఉండిపోయే ఆబ్సెన్స్ రకానికి ఇది పనిచేయదు. దాన్నీ, చేతులు కాళ్లు ఒక్కసారిగా ఉలిక్కిపడినట్టు కదిలే మయోక్లోనిక్ రకాన్నీ ఇది మరింత పెంచవచ్చు కూడా. పైకి ఒకలాగే కనిపించినా మూర్ఛలన్నీ ఒకటి కావు కనుక, ఒకరికి బాగా పనిచేసిన ఈ మందును ఇంకొకరికి ఇవ్వడం ఎంతమాత్రం తగదు.

కాలేయానికి ఉన్న హద్దు

ఫెనిటాయిన్‌ను శరీరం నుంచి తొలగించే పని దాదాపు అంతా కాలేయానిదే. అక్కడి ఎంజైములు దాన్ని విరగ్గొడితే తప్ప అది మూత్రంలోకి పోదు. ఈ ఎంజైముల సామర్థ్యానికి ఒక హద్దు ఉంది, చికిత్సకు అవసరమైన డోసు ఆ హద్దుకు చాలా దగ్గరగా ఉంటుంది. చెరువు తూము గుండా ఒక రోజులో ఇంత నీరే బయటికి పోగలదని అనుకుందాం. వచ్చే నీరు అంతకు తక్కువగా ఉన్నంతకాలం చెరువు మట్టం నిలకడగా ఉంటుంది, తూము పూర్తిగా పారుతున్న స్థితిలో ఇంకొక చిన్న కాలువ వచ్చి కలిసినా మట్టం పెరగడం మొదలై పెరుగుతూనే పోతుంది. ఫెనిటాయిన్ విషయంలో కాలేయం చేసేది సరిగ్గా ఆ తూము పనే.

అంకెలు వేసి చూస్తే ఇది ఎంత తీవ్రమైన విషయమో తెలుస్తుంది. ఔషధశాస్త్ర గ్రంథాల్లో ఇచ్చే సగటు విలువల ప్రకారం పెద్దవారి కాలేయం రోజుకు శరీర బరువులో ప్రతి కిలోకు సుమారు 7 మిల్లీగ్రాముల ఫెనిటాయిన్‌ను మించి తొలగించలేదు. రక్తంలో మందు మిల్లీలీటరుకు 4 మైక్రోగ్రాములకు చేరేసరికే ఆ సామర్థ్యంలో సగం వినియోగంలోకి వచ్చేస్తుంది. ఈ విలువలను 60 కిలోల మనిషికి వర్తింపజేస్తే ఆ మనిషి కాలేయం గరిష్ఠ సామర్థ్యం రోజుకు 420 మిల్లీగ్రాములు. రోజుకు 300 మిల్లీగ్రాములు తీసుకుంటే రక్తంలో స్థాయి 10 మైక్రోగ్రాముల దగ్గర నిలుస్తుంది. డోసును 350కి పెంచితే, అంటే ఆరో వంతు మాత్రమే పెంచితే, స్థాయి 20కి చేరుతుంది. ఇంకొక 50 పెంచి 400 చేస్తే లెక్క ప్రకారం అది 80 దగ్గర గానీ ఆగదు. అక్కడికి చేరడానికి చాలాకాలం పడుతుంది, ఈలోపే రోగి ఆసుపత్రిలో ఉంటాడు. సాధారణంగా కోరుకునే స్థాయి మిల్లీలీటరుకు 10 నుంచి 20 మైక్రోగ్రాముల మధ్య అని గుర్తుంచుకుంటే, మొదటి మెట్టుకూ రెండో మెట్టుకూ మధ్య ఎంత తేడా వచ్చిందో అర్థమవుతుంది.

ఇవి సగటు విలువలు మాత్రమే, మనిషి మనిషికీ ఇవి మారతాయి. ఈ మందును విరగ్గొట్టే ప్రధాన ఎంజైము సీవైపీ2సీ9 కొందరిలో పుట్టుకతోనే నెమ్మదిగా పనిచేస్తుంది. అలాంటివారికి ఇతరులకు సరిపోయే డోసు కూడా ఎక్కువైపోతుంది. వయసు పైబడినవారిలో, కాలేయ వ్యాధి ఉన్నవారిలో కూడా హద్దు కిందికి దిగుతుంది. అందుకే ఒక స్థాయి దాటాక అనుభవమున్న వైద్యులు డోసును 100 మిల్లీగ్రాముల చొప్పున పెంచరు, 25 లేదా 30 మిల్లీగ్రాములు పెంచి ఆగి చూస్తారు. ఎంతకాలం ఆగాలన్నదీ ముఖ్యమే. స్థాయి పెరిగే కొద్దీ మందు శరీరంలో నిలిచే సమయం కూడా పెరుగుతుంది కనుక, కొత్త డోసు పూర్తి ప్రభావం తెలియడానికి కనీసం వారం పది రోజులు, కొందరిలో అంతకంటే ఎక్కువ పడుతుంది. మూడు రోజులు వాడి చూసి ‘గుణం కనబడలేదు’ అనుకొని ఇంకో మాత్ర కలుపుకోవడం ఈ మందు విషయంలో చేయగలిగిన పెద్ద పొరపాట్లలో ఒకటి.

ఎక్కువైతే ఎలా తెలుస్తుంది

స్థాయి హద్దు మీరుతున్నప్పుడు శరీరం ఒక వరుసలో సూచనలు ఇస్తుంది. 20 దాటాక సాధారణంగా మొదట కనిపించేది కళ్లు అదరడం. పక్కకు చూడమన్నప్పుడు కనుగుడ్లు నిలకడగా ఆగకుండా చిన్న చిన్న కుదుపులతో కదులుతాయి. రోగికి ఇది తెలియకపోవచ్చు గానీ, వస్తువులు రెండుగా కనిపిస్తున్నాయనో చూపు మసకగా ఉందనో చెబుతాడు. 30 దాటేసరికి నడకలో తూలుడు వస్తుంది, కాళ్లు ఎడంగా వేసి నడుస్తాడు, మాట ముద్దగా వస్తుంది, చేతులు వణుకుతాయి, సంతకం వంకర పోతుంది. 40 దాటితే మగత, అయోమయం, వాంతులు మొదలవుతాయి. ఈ అంకెలు అందరికీ ఒకేలా వర్తించవు, కొందరు 20కి లోపలే తూలతారు. తూలుతూ ముద్దగా మాట్లాడే మనిషిని చూసి తాగి ఉన్నాడని అనుకోవడం ఎంత సులువో, పెద్ద వయసువారిలో అదే లక్షణాన్ని ముసలితనం కింద జమ కట్టడం కూడా అంతే సులువు. ఫెనిటాయిన్ వాడుతున్న వృద్ధులు తరచుగా పడిపోతుంటే, మోకాళ్లనూ కళ్లద్దాలనూ అనుమానించే ముందు రక్తంలో మందు స్థాయిని అనుమానించాలి.

ఇక్కడ ఒక ఉచ్చు కూడా ఉంది. ఫెనిటాయిన్ స్థాయి మరీ ఎక్కువైతే అదే మూర్ఛలను తెప్పించగలదు. ఆ సంగతి తెలియనివారు, ఫిట్స్ పెరిగాయి కనుక మందు చాలడం లేదని భావించి డోసు ఇంకా పెంచుతారు. మూర్ఛలు పెరగడంతో పాటు తూలుడు, రెండుగా కనిపించడం కూడా ఉంటే కారణం మందు తక్కువ కావడమా, ఎక్కువ కావడమా అన్నది రక్తపరీక్ష చేయకుండా ఎవరూ నిర్ణయించకూడదు. ఎక్కువైందని తేలి మందు ఆపినా లక్షణాలు ఆ పూటకే తగ్గిపోవు. కాలేయం తన హద్దు మేరకే పనిచేస్తుంది కాబట్టి స్థాయి దిగడానికి చాలా రోజులు పట్టవచ్చు. దీర్ఘకాలం ఎక్కువ స్థాయిలోనే ఉండిపోతే సమతూకాన్ని చూసుకునే చిన్నమెదడు కుంచించుకుపోయి, తరువాత మందు మార్చినా నడక పూర్తిగా కుదుటపడకపోవచ్చు.

రక్తపరీక్ష గురించి రెండు మాటలు చెప్పాలి. డోసు కుదురుకున్న తరువాత, తదుపరి డోసు వేసుకోబోయే ముందు తీసిన రక్తంలో స్థాయిని చూస్తే దాన్ని గతంలోని ఫలితాలతో పోల్చవచ్చు. విషప్రభావం అనుమానం ఉన్నప్పుడు మాత్రం వేళ కోసం ఆగకూడదు. అంతకంటే చిక్కైన సంగతి ఇంకొకటి ఉంది. రక్తంలోని ఫెనిటాయిన్‌లో దాదాపు 90 శాతం ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌కు అతుక్కొని ఉంటుంది, మెదడుపై పనిచేసేది మిగిలిన ఆ కొద్ది భాగమే. మామూలు పరీక్ష రెండింటినీ కలిపి చూపిస్తుంది. పోషకాహార లోపం, కాలేయ వ్యాధి, మూత్రపిండాల వ్యాధి, తీవ్రమైన కాలిన గాయాల వంటి స్థితుల్లో ఆల్బుమిన్ తగ్గిపోతే విడిగా తిరిగే భాగం పెరుగుతుంది. ఆల్బుమిన్ డెసిలీటరుకు 2 గ్రాములకు పడిపోయిన మనిషి రిపోర్టులో 10 అని వస్తే, సాధారణంగా వాడే సవరణ సూత్రం ప్రకారం అది మామూలు మనిషిలోని 20తో సమానం. రిపోర్టులో మామూలుగా కనిపించే అంకె వెనుక విషప్రభావం దాగి ఉండవచ్చన్న మాట. అందువల్ల పరీక్ష ఫలితాన్ని చూసి సొంతంగా తక్కువనో ఎక్కువనో తేల్చుకోవడం మంచిది కాదు. అంకె కంటే మనిషి ఎలా ఉన్నాడన్నదే ముందు చూడాలి.

డబ్బా మారితే, సీసా కదపకపోతే

1960ల చివర్లో ఆస్ట్రేలియాలో ఫెనిటాయిన్ క్యాప్సూళ్లు వాడుతున్న చాలామందికి ఉన్నట్టుండి విషప్రభావ లక్షణాలు వచ్చాయి. క్యాప్సూల్‌లో మందు పరిమాణం మారలేదు, డోసూ మారలేదు. క్యాప్సూల్ నింపడానికి మందుతో పాటు కలిపే పొడిగా అంతవరకు కాల్షియం సల్ఫేట్ వాడేవారు, దాని స్థానంలో లాక్టోజ్ వాడటం మొదలుపెట్టారు. పాత పొడి ఉన్నప్పుడు మందు పేగుల్లోంచి పూర్తిగా ఇంకేది కాదు, కొత్త పొడితో బాగా ఇంకింది. అంత చిన్న తేడా వేరే మందు విషయంలో అయితే ఎవరి దృష్టికీ వచ్చేది కాదేమో. కాలేయం హద్దుకు దగ్గరగా నడిచే ఫెనిటాయిన్‌లో అది మనుషులను మంచాన పడేసింది. బ్రిటన్‌లో మందుల నియంత్రణ సంస్థ 2013లో మూర్ఛ మందులను వర్గాలుగా విభజించినప్పుడు, ఒకే తయారీదారు మందును మార్చకుండా కొనసాగించాల్సిన మొదటి వర్గంలో ఫెనిటాయిన్‌ను చేర్చింది. జనరిక్ మందులు నాసిరకమని దీని అర్థం కాదు. బ్రాండు ఏదైనా సరే, ఒకదానితో కుదురుకున్నాక దాన్నే కొనసాగించడం ఇక్కడి సూత్రం. కొన్న స్ట్రిప్పు రంగు, పేరు, కంపెనీ ఎప్పటిలా లేకపోతే దుకాణంలోనే అడగాలి, మార్చక తప్పకపోతే వైద్యుడికి తెలియజేయాలి.

మందు రూపం మారినప్పుడు ఇంకో లెక్క ఉంటుంది. క్యాప్సూళ్లలో ఉండేది సాధారణంగా ఫెనిటాయిన్ సోడియం, అందులో అసలు ఫెనిటాయిన్ 92 శాతమే. నమిలే మాత్రల్లో, నీళ్ల మందులో ఉండేది నేరుగా ఫెనిటాయిన్. 300 మిల్లీగ్రాముల క్యాప్సూళ్ల నుంచి 300 మిల్లీగ్రాముల నీళ్ల మందుకు మారిన మనిషి, డోసు మారలేదనుకుంటూనే 24 మిల్లీగ్రాములు ఎక్కువ తీసుకుంటున్నట్టు లెక్క. పైన చూసిన అంకెల ప్రకారం అది చిన్న పెంపు కాదు.

నీళ్ల మందులో ఇంతకంటే పెద్ద సమస్య సీసా అడుగున ఉంటుంది. ఇది నీటిలో కరిగిన మందు కాదు, తేలియాడే మెత్తటి పొడి, నిలవ ఉంచితే అడుగుకు దిగిపోతుంది. సీసాను సరిగా కదపకుండా పోస్తే మొదటి రోజుల్లో పల్చటి ద్రవం, చివరి రోజుల్లో చిక్కటి ముద్ద వస్తుంది. బిడ్డకు నెల మొదట్లో ఫిట్స్ వస్తున్నాయి, నెలాఖరుకు మగతగా, తూలుతూ ఉంటున్నాడు అని తల్లిదండ్రులు చెబితే, అడగాల్సిన మొదటి ప్రశ్న సీసా ఎలా కదుపుతున్నారన్నదే. ప్రతిసారీ బాగా కదిపి, ఇంట్లో వాడే చెంచాతో కాకుండా కొలత గీతలున్న సిరంజితోనో కొలత కప్పుతోనో పోయాలి. కొన్నిచోట్ల ఈ మందు రెండు వేర్వేరు గాఢతల్లో దొరుకుతుంది కనుక, సీసా మీద 5 మిల్లీలీటర్లలో ఎన్ని మిల్లీగ్రాములు ఉన్నాయో కొన్న ప్రతిసారీ చూసుకోవాలి. ముక్కు గొట్టం ద్వారా ద్రవాహారం తీసుకునే రోగుల్లో ఆహారం, మందు కలిసి వెళితే మందు ఇంకడం బాగా తగ్గిపోతుంది. అందుకే ఆహారానికీ మందుకూ మధ్య గంట రెండు గంటల ఎడం ఉంచుతారు. అసిడిటీకి వాడే యాంటాసిడ్లు, కాల్షియం మాత్రలు కూడా ఒకే వేళ వేసుకోకూడదు.

పక్కన చేరే మందులు

ఫెనిటాయిన్ ఇతర మందులతో పెట్టుకునే పేచీల జాబితా చాలా పొడవైనది, దాన్ని మొత్తం బట్టీ పట్టడం ఎవరి వల్లా కాదు. ఏ దిశలో ఏం జరుగుతుందో తెలిస్తే చాలు. కాలేయంలోని ఆ ఎంజైములను అడ్డుకునే మందులు ఫెనిటాయిన్ స్థాయిని పెంచుతాయి. ఫంగస్‌కు వాడే ఫ్లుకోనజోల్, క్షయకు వాడే ఐసోనియాజిడ్, గుండె లయకు వాడే అమియోడరోన్, యాంటీబయాటిక్‌గా వాడే కో-ట్రైమోక్సజోల్, దిగులుకు వాడే ఫ్లుయోక్సెటిన్ వీటిలో కొన్ని. ఎంజైములను ఉత్తేజపరిచే రిఫాంపిసిన్ వంటివి దాన్ని తగ్గిస్తాయి. క్షయ చికిత్సలో ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ రెండూ ఉంటాయి కనుక ఏది పైచేయి అవుతుందో ఆ మనిషి రక్తం చూస్తే గానీ చెప్పలేము. ఇంకో మూర్ఛ మందు వాల్‌ప్రోయేట్ ఫెనిటాయిన్‌ను ఆల్బుమిన్ నుంచి విడదీస్తుంది, దాని విచ్ఛిన్నాన్ని కూడా అడ్డుకుంటుంది. రిపోర్టులో మొత్తం స్థాయి తగ్గినట్టు కనిపిస్తూనే మెదడుకు చేరేది పెరిగిపోవచ్చు. మద్యం ఒక్కసారిగా ఎక్కువ తాగితే స్థాయి పెరుగుతుంది, రోజూ తాగే అలవాటు ఉంటే తగ్గుతుంది.

రెండో దిశ తరచుగా మరుగున పడుతుంది. ఫెనిటాయిన్ తానే కాలేయ ఎంజైములను ఉత్తేజపరిచి ఇతర మందులను త్వరగా తొలగింపజేస్తుంది. గర్భనిరోధక మాత్రలు దీనివల్ల విఫలం కావచ్చు. కాపర్ టీ వంటి గర్భాశయ సాధనాలపై ఈ ప్రభావం ఉండదు. రక్తం గడ్డకట్టకుండా వాడే మందులు, స్టెరాయిడ్లు, అవయవ మార్పిడి తరువాత వాడే సైక్లోస్పోరిన్, హెచ్‌ఐవీకి వాడే పలు మందులు బలహీనపడతాయి. చివరకు విటమిన్ మాత్ర కూడా ఇందుకు అతీతం కాదు. ఫెనిటాయిన్ వల్ల ఫోలేట్ తగ్గుతుంది, దాన్ని సరిచేయడానికి ఫోలిక్ యాసిడ్ ఎక్కువ మోతాదులో మొదలుపెడితే ఫెనిటాయిన్ స్థాయి పడిపోయి ఆగిన మూర్ఛలు మళ్లీ రావచ్చు. జ్వరానికో చర్మ వ్యాధికో వేరే వైద్యుడి దగ్గరికి వెళ్లినప్పుడు ‘ఫిట్స్ మందు వాడుతున్నాను’ అంటే సరిపోదు, మందు పేరు, డోసు చెప్పాలి. కొత్త మందు మొదలుపెట్టినప్పుడే కాదు, ఏళ్ల తరబడి వాడిన పాత మందు ఆపినప్పుడు కూడా ఫెనిటాయిన్ స్థాయి కదులుతుంది.

దద్దుర్లు: ఆగకుండా చూపించుకోవాల్సిన సూచన

పైన చెప్పినవన్నీ డోసుతో ముడిపడినవి. చర్మంపై వచ్చే అలర్జీ వేరే జాతికి చెందినది, దానికి డోసుతో పని లేదు. సాధారణంగా మొదలుపెట్టిన తొలి రెండు నెలల్లో ఇది వస్తుంది. చాలామందిలో అవి మామూలు ఎర్రటి దద్దుర్లే. కొద్దిమందిలో మాత్రం అవి స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్‌గా మారి చర్మం పొక్కి ఊడిపోతుంది, నోరు, కళ్లు, జననాంగాల లోపలి పొరలు పుండ్లు పడతాయి. ఇంకో రకంలో జ్వరం, ముఖం వాపు, మెడలో గడ్డలు, పచ్చకామెర్లు కలిసి వస్తాయి, కాలేయం, మూత్రపిండాలు దెబ్బతింటాయి. రెండూ ప్రాణాంతకం కాగలవు. మొదటి రోజున దద్దురు ఏ దారి పడుతుందో ఎవరూ చెప్పలేరు కనుక, కొత్తగా మొదలుపెట్టిన మనిషికి దద్దుర్లు వస్తే, అందులోనూ జ్వరమో నోటి పుండ్లో తోడైతే, ఆ రోజే వైద్యుడిని కలవాలి. ఆకస్మికంగా మందు మానకూడదన్న సాధారణ సూత్రానికి ఇదొక్కటే నిజమైన మినహాయింపు, అయితే అదీ ఆసుపత్రిలో వేరే మందు అండగా పెట్టి చేయాల్సిన పని. హెచ్‌ఎల్‌ఏ-బి 15:02 అనే జన్యురూపం ఉన్నవారికి ఈ ముప్పు ఎక్కువ. ఆసియా మూలాలున్న కొన్ని జనసమూహాల్లో అది ఎక్కువగా కనిపిస్తుంది. ఒకసారి ఫెనిటాయిన్ పడనివారికి రసాయన నిర్మాణంలో దగ్గరి చుట్టాలైన కార్బమాజెపిన్, ఫినోబార్బిటాల్ కూడా పడకపోవచ్చు. ఆ సంగతి కాగితం మీద రాసి జేబులో ఉంచుకోవడం అతిజాగ్రత్త ఏమీ కాదు.

దీర్ఘకాలపు ప్రభావాల్లో చిగుళ్ల వాపు అందరికంటే ముందు అద్దంలో కనిపించేది. మొదటి కొన్ని నెలల్లోనే పళ్ల మధ్య చిగురు ఉబ్బి పళ్లను కప్పుకుంటూ రావచ్చు. వాడేవారిలో దాదాపు సగం మందికి ఏదో ఒక మేరకు ఇది ఉంటుందని వైద్య గ్రంథాలు చెబుతాయి. శ్రద్ధగా పళ్లు తోముకొని, క్రమంగా దంతవైద్యుడికి చూపించుకునేవారిలో ఇది తక్కువ. ఎముకలు బలహీనపడటం కంటికి కనిపించదు గానీ అంతకంటే ముఖ్యమైనది. ఫెనిటాయిన్ విటమిన్ డి‌ని త్వరగా ఖర్చు చేయిస్తుంది, మూర్ఛ వచ్చి పడిపోయే మనిషికి ఎముక పెళుసుగా ఉండటం రెండింతల నష్టం. ముఖంపై రోమాలు పెరగడం, ముఖ కవళికలు మొరటుబారడం వంటివి చావుబతుకుల సమస్యలు కావన్న కారణంతో వైద్యులు తేలికగా కొట్టిపారేస్తుంటారు. ఒక పదిహేనేళ్ల అమ్మాయి చెప్పకుండా మందు మానేయడానికి అవే చాలునని గుర్తిస్తే, వేరే మందు ఎంచుకునే విషయం ముందుగానే మాట్లాడుకోవచ్చు. మూర్ఛ మందులన్నిటికీ ఆత్మహత్య ఆలోచనల గురించిన హెచ్చరిక జోడించాలని అమెరికా నియంత్రణ సంస్థ 2008లో సూచించింది. మనసు మామూలుగా లేదని ఇంటివారికి అనిపిస్తే దాన్ని కూడా వైద్యుడికి చెప్పాల్సిందే.

గర్భం ధరించాలనుకునే స్త్రీలు ఆ సంగతి ముందుగానే చెప్పాలి. గర్భస్థ శిశువుకు గ్రహణం మొర్రి, గుండె లోపాలు, వేళ్ల చివరలు, గోళ్లు సరిగా ఎదగకపోవడం వంటివి కలిగే ముప్పును ఈ మందు పెంచుతుంది. వాల్‌ప్రోయేట్‌తో పోలిస్తే ఆ ముప్పు తక్కువే గానీ లేదనలేము. గర్భం అని తెలిసిన రోజున భయపడి మందు మానేయడం మాత్రం తల్లికీ బిడ్డకూ అంతకంటే ప్రమాదం, ఎందుకంటే ఆగకుండా వచ్చే మూర్ఛలో ఇద్దరి ప్రాణాలూ పణంగా ఉంటాయి. గర్భకాలంలో రక్తంలో మందు తగ్గుతుంది కనుక డోసు పెంచాల్సి రావచ్చు. కాన్పు తరువాత దాన్ని మళ్లీ తగ్గించడం మరిచిపోతే బిడ్డను ఎత్తుకున్న తల్లి తూలి పడే ప్రమాదం ఉంది. పుట్టిన బిడ్డకు రక్తస్రావం కాకుండా విటమిన్ కె ఇంజెక్షన్ తప్పనిసరి.

మరిచిన డోసు, ఆపే వేళ

ఒక డోసు మరిచిపోతే గుర్తుకు వచ్చిన వెంటనే వేసుకోవాలి, తదుపరి డోసు వేళ దగ్గరపడితే దాన్ని వదిలేయాలి, రెండూ కలిపి వేసుకోకూడదు. వరుసగా రెండు మూడు పూటలు తప్పినా, వాంతుల వల్ల మందు లోపల నిలవకపోయినా వైద్యుడిని అడగాలి. ఫెనిటాయిన్‌ను ఒక్కసారిగా మానేసినవారిలో మూర్ఛ మీద మూర్ఛ ఆగకుండా వచ్చే స్థితి ఏర్పడవచ్చు. ఎవరికైనా మూర్ఛ 5 నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే రెండోసారి వచ్చినా ఆసుపత్రికి తరలించాలి. ఈలోపు పక్కకు తిప్పి పడుకోబెట్టాలి తప్ప, నోట్లో ఏమీ పెట్టకూడదు. ‘డోసు తప్పింది కదా’ అని ఆ క్షణాన మాత్ర మింగించబోవడం మరీ ప్రమాదం, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అత్యవసరంలో నరానికి ఇచ్చే ఫెనిటాయిన్ కూడా ఆసుపత్రి పనే. పెద్దవారికి నిమిషానికి 50 మిల్లీగ్రాములకు మించిన వేగంతో ఎక్కిస్తే రక్తపోటు పడిపోయి గుండె లయ తప్పవచ్చు.

కొన్నేళ్లపాటు మూర్ఛలు లేకుండా గడిచాక మందు ఆపవచ్చా అన్న ప్రశ్న వస్తుంది. కొందరికి ఆపవచ్చు, మూర్ఛకు కారణమేమిటి, మెదడు స్కాన్‌లో ఏముంది, డ్రైవింగ్ మీదో ఎత్తు మీద చేసే పనుల మీదో బతుకు ఆధారపడి ఉందా అన్నవి చూసి వైద్యుడు, రోగి కలిసి నిర్ణయించాలి. ఆపేటప్పుడు వారాలు, నెలల మీదుగా కొద్దికొద్దిగా తగ్గిస్తూ వస్తారు. ఆ కాలంలో ఇంటివారు మూర్ఛ తిరిగి వస్తుందేమోనని చూస్తుంటారు, అది సహజమే. అదే సమయంలో ఇంకొకటి జరుగుతూ ఉంటుంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. ఫెనిటాయిన్ ఉత్తేజపరిచి ఉంచిన కాలేయ ఎంజైములు నెమ్మదిగా తమ మామూలు వేగానికి దిగి వస్తాయి, అందుకు చివరి మాత్ర తరువాత కూడా రెండు మూడు వారాలు పడుతుంది. ఇన్నాళ్లూ ఫెనిటాయిన్ ధాటిని తట్టుకోవడానికి పెంచి ఇస్తున్న వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా వాడే మందు) డోసు ఇప్పుడు రక్తస్రావానికి దారితీయవచ్చు, సైక్లోస్పోరిన్ మూత్రపిండాలను దెబ్బతీసే స్థాయికి చేరవచ్చు. కాబట్టి ఫెనిటాయిన్ ఆపుతున్నప్పుడు తేదీ వేసి రాసుకోవాల్సిన రక్తపరీక్షల్లో ఫెనిటాయిన్ స్థాయి కంటే ఆ మిగిలిన మందులకు సంబంధించినవే ఎక్కువగా ఉంటాయి.